లెక్కలో లేని చీమ



ఈసారి రాయడం ఆలస్యమైంది. రాయాలా వద్దా అని నాలుగు రోజులు తటపటాయించాను. ఇది నా తప్పు గురించిన మాట. మందిరంలో నిలబడి మీ తప్పులు చెప్పడం నాకు అలవాటే గానీ, నా తప్పు చెప్పుకోవడం అంత అలవాటు లేదు. అయినా మీలో చాలామంది హైదరాబాదులో, బెంగళూరులో, కువైటులో ఉండి మన సంఘం సంగతులు ఇక్కడే చదువుకుంటారు. ఈ సంగతి ఇంకొకరి ద్వారా కాకుండా నా ద్వారానే మీకు తెలియాలని రాస్తున్నాను. ఇది ఒక చీమతో మొదలవుతుంది. కొంచెం ఓపికతో చదవండి.

పోయిన సంవత్సరం ఆగస్టులో మన సంఘంలో ఒక తల్లి ప్రభువునందు నిద్రించింది. సాయంత్రం నాలుగు గంటలకు భూస్థాపన. ముందురోజు రాత్రి మంచి వాన పడింది. గుంత ఎంతవరకు వచ్చిందో చూద్దామని నేను ఒంటిగంటకే సమాధుల తోటకు వెళ్లాను. మన దగ్గర గుంత తవ్వేది ఎప్పుడూ ఒకాయనే. ఊరంతా ఆయన్ని గుంతల తాత అంటారు. నేను ఈ సంఘానికి వచ్చి పదకొండేళ్లయింది. ఈ పదకొండేళ్లలో నేను చేసిన ప్రతి భూస్థాపనకూ మట్టి తీసింది ఆయనే. డబ్బులు ఇస్తే తీసుకుంటాడు, ఇవ్వకపోతే అడగడు. ఆదివారం ఆరాధనకు వస్తే చివర గోడకు ఆనుకుని కూర్చుంటాడు. ఎవరూ చూడకముందే లేచి వెళ్లిపోతాడు.

ఆ రోజు ఆయన నడుము లోతు గుంతలో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి గడ్డపార పక్కన పెట్టి, "అయ్యగారూ, ఈడ సూడండి" అన్నాడు. మట్టి గోడలో చిన్న బెజ్జం. అందులో నుంచి చీమలు వరసగా వచ్చి మళ్లీ మట్టిలోకే పోతున్నాయి. పసుపు ఎరుపు కలిసిన రంగు. కొన్ని పెద్దవి, కొన్ని మరీ చిన్నవి. ఎండ తగలగానే కంగారు పడి మట్టి కిందికి దూరుతున్నాయి.

"వీటికి కండ్లు ఉండవయ్యా" అన్నాడు తాత.

"ఎప్పుడూ చూడలేదే నేను" అన్నాను.

ఆయన నవ్వాడు. "ఇవి యాడికీ పోలేదు. ఎప్పుడూ ఈడనే ఉండాయి. తవ్వేటోనికే కనపడ్తాయి."

ఫోన్‌తో ఒక ఫోటో తీసుకున్నాను. భూస్థాపన అయ్యాక ఆ రాత్రి మా అక్క కొడుక్కు పంపాను. వాడు కర్నూలులో జంతుశాస్త్రం చదువుతున్నాడు. అరగంటలో ఫోన్ చేశాడు. "మామా, ఫోటో చూసి పేరు ఖాయంగా చెప్పలేం గానీ, డోరిలస్ అనే జాతివి కావచ్చు" అన్నాడు. అవి భూమి లోపలే బతుకుతాయట. పనిచేసే చీమలకు కళ్లే ఉండవట. మన దేశంలో ఉండే ఒక రకం వేరుశనగ కాయకు, ఆలుగడ్డకు బెజ్జం చేసి లోపలిది తింటుందట. వాటి మగచీమ మాత్రం చాలా పెద్దది, రెక్కలుంటాయి, వానాకాలం రాత్రుల్లో దీపాల చుట్టూ తిరుగుతుంది. దాన్ని చూస్తే చీమ అని ఎవరూ అనుకోరు. ఆఫ్రికాలోని ఒక రకం మగచీమను 1764లో లిన్నేయస్ అనే గొప్ప శాస్త్రవేత్తే కందిరీగ అనుకుని పేరు పెట్టాడట. కింద మట్టిలో ఉన్నవాళ్లూ పైన దీపం దగ్గర తిరిగేవాడూ ఒకే ఇంటివాళ్లని తెలియడానికి మనుషులకు చాలా కాలం పట్టిందన్నమాట.

అప్పుడే వాడు ఇంకో చీమ గురించి చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అది మన దేశపు చీమ కాదు. బ్రెజిల్ దేశంలో, అమెజాన్ అడవిలో, మనౌస్ అనే పట్టణం దగ్గర దొరికింది. రెండు మూడు మిల్లీమీటర్ల పొడవు, అంటే మనం వేసుకునే బియ్యపు గింజలో సగం కూడా ఉండదు. పాలిపోయిన రంగు. కళ్లు లేవు. ముందుకు సన్నగా పొడుగ్గా పట్టకారులాంటి దవడలు. అది మట్టిలోపలే జీవించేదని దాని రూపాన్ని బట్టి శాస్త్రవేత్తలు అంటారు. 1998లో మాన్‌ఫ్రెడ్ ఫర్‌హాగ్ అనే ఆయనకు అక్కడి మట్టిలో ఇలాంటివి రెండు దొరికాయి. చేతికి వచ్చాయి. కానీ వాటిని సరిగ్గా పరిశీలించి పేరు పెట్టేలోపే ఆ రెండూ చేజారిపోయాయి. అలాంటి చీమ ఒకటి ఉందని తెలుసు, చూపించడానికి మాత్రం ఏమీ లేదు.

ఐదేళ్లు గడిచాయి. 2003 మే నెలలో, చీకటి పడే వేళ, క్రిస్టియన్ రాబెలింగ్ అనే యువకుడికి అదే ప్రాంతంలో రాలిన ఆకుల మీద నడుస్తున్న ఒకే ఒక్క చీమ కనిపించింది. దాన్ని పట్టి జాగ్రత్త చేశాడు. దాని కాలి నుంచి తీసిన డీఎన్‌ఏతో పరీక్షలు చేశారు. తెలిసిన చీమల కుటుంబాల్లో దేనిలోనూ అది ఇమడలేదు. ఇది అంగారక గ్రహం నుంచి వచ్చిందేమో అని నిపుణులు అన్నారట, అందుకే ఇంటిపేరులా మార్టియాలిస్ అని పెట్టారు. రెండో పేరు హ్యూరెకా, గ్రీకు భాషలో 'దొరికింది' అని అర్థం. ఒకసారి పోగొట్టుకున్నది మళ్లీ దొరికింది కదా, అందుకు. 2008లో ఆ సంగతి ప్రపంచానికి తెలిసింది. బతికి ఉన్న చీమల్లో కొత్త ఉపకుటుంబం ఒకటి బయటపడడం 1923 తర్వాత అదే మొదటిసారి. ఆ వంశం మిగతా చీమల నుంచి విడిపోయి పది కోట్ల సంవత్సరాలు దాటిందని శాస్త్రవేత్తల లెక్క. ఆ లెక్కల మీద వాదించుకునే వారు వాదించుకోవచ్చు, ఈ రోజు నా మాట దాని గురించి కాదు. నా మాట ఆ మొదటి రెండు చీమల గురించి. చేతిలోకి వచ్చి పోయిన వాటి గురించి.

ఆ తర్వాతి ఆదివారం నేను దీన్నే ప్రసంగంగా చెప్పాను. మీలో కొందరు ఆ రోజు మందిరంలో ఉన్నారు. సామెతల గ్రంథంలో సొలొమోను సోమరిని చీమ దగ్గరికి పంపిస్తాడు, ముప్పయ్యో అధ్యాయంలో ఆగూరు చీమల్ని బలంలేని జనమని, అయినా జ్ఞానంగలవని అంటాడు. ఆ వాక్యాలతో మొదలుపెట్టి నూట ముప్పై తొమ్మిదో కీర్తన దాకా వెళ్లాను. భూమి అగాధంలో, రహస్యంలో నన్ను రూపించినప్పుడు కూడా నీవు నన్ను చూశావు అని దావీదు దేవునితో చెప్పుకుంటాడు కదా. అమెజాన్ మట్టిలో కళ్లులేని చీమకు మనిషి పేరు పెట్టింది 2008లో, దేవునికి మాత్రం అది ఎప్పుడూ కొత్తది కాదు అని చెప్పాను.

మన ప్రాంతపు మాటలు కూడా చెప్పాను. నేను పుట్టింది జమ్మలమడుగు వైపు. కడప జిల్లావాళ్లకు కలివికోడి కథ తెలుసు. నెల్లూరులో పనిచేసిన జెర్డాన్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఆ పిట్టను లోకానికి పరిచయం చేశాడు. ఇంగ్లీషులో దానికి ఆయన పేరే ఉంది. ఆ జెర్డానే 1851లో దక్షిణ భారతదేశపు చీమల జాబితా కూడా రాసి ప్రచురించాడు. మన పొలాల గట్ల మీద బారులు తీరి పోయే నల్లచీమకూ, చెట్ల మీద ఉండి కుడితే మంట పుట్టించే ఎర్ర నల్ల చీమకూ శాస్త్రంలో మొదట పేరు రాసింది ఆయనే. పిట్ట సంగతికి వస్తే, 1900లో అనంతపురం దగ్గర దాన్ని చూసినట్టు రాసింది ఒక మిషనరీ. కడప ప్రాంతంలో లండన్ మిషన్ తరఫున సేవచేసిన విలియం హోవర్డ్ క్యాంబెల్ గారు. ఆ తర్వాత ఎనభై ఆరేళ్లు అది ఎవరికీ కనిపించలేదు. ఇక లేదనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల వైపు మళ్లీ దొరికింది. దొరికింది కూడా ఊరివాళ్ల సాయంతోనే. అది రాత్రి తిరిగే పిట్ట అని, ఏ పొదల దగ్గర తిరుగుతుందో వాళ్లకు తెలుసు. జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రి పేరు మీరు వినే ఉంటారు. దాన్ని స్థాపించిన, అదే మిషన్‌కు చెందిన డాక్టర్ థామస్ విన్సెంట్ క్యాంబెల్ గారు కూడా రోగుల్ని చూస్తూనే పురుగుల్ని సేకరించినవారు. మన పితరులకు సువార్త చెప్పిన మనుషులు వంగి నేలను కూడా చూశారు అని చెప్పి ప్రసంగం ముగించాను.

బాగుందన్నారు. ఒక అన్న ఫోన్‌లో రికార్డు చేసి వాట్సాప్‌లో పెట్టాడు. గుంతల తాత ఆ రోజు చివర కూర్చుని విన్నాడు. వెళ్లేటప్పుడు నా దగ్గరికి వచ్చి, "మా సీమలు గురించి బాగ సెప్పినావయ్యా" అన్నాడు. నాకు చాలా సంతోషమైంది.

ఇక డిసెంబరు.

సంవత్సరం చివర సంఘ రిజిస్టరు సరిచేసి పైకి నివేదిక పంపాలి. సభ్యుల సంఖ్యను బట్టి మన సంఘం కట్టవలసిన మొత్తం ఉంటుంది. రిజిస్టరులో పేర్లు ఎక్కువ ఉండి చందాలు తక్కువ వస్తే, ఆ తేడా కమిటీ చేతి నుంచి వేసుకోవాలి. మూడు సంవత్సరాలు చందా కట్టనివాళ్ల పేర్లు తీసేయవచ్చని పాత తీర్మానం ఒకటి ఉంది. ఆ రాత్రి కమిటీలో ఐదుగురం కూర్చున్నాం. వాన సరిగ్గా లేదు, పత్తి సగం పోయింది, ఎవరి దగ్గరా డబ్బు లేదు. పేర్లు ఒక్కొక్కటి చదువుతున్నారు. తాత పేరు, అవ్వ పేరు వచ్చాయి. "కట్టలేదు" అన్నారు ఒకరు. ఎవరూ ఏమీ అనలేదు. నేను కూడా అనలేదు. పెన్ను నా చేతిలోనే ఉంది. గీత కొట్టింది నేనే.

నేను చెడ్డ మనసుతో చేయలేదు. పొద్దుపోయింది, లెక్క తేలాలి, అంతే. పేరు కొట్టేసినా మనిషిని మందిరానికి రావద్దనలేదు కదా అనుకున్నాను. కానీ సహోదరులారా, నాలుగు నెలల ముందు ఆ మనిషి చూపించిన చీమ మీద నలభై నిమిషాలు ప్రసంగించింది నేనే. ఆ గీత కొట్టేటప్పుడు ఆ ప్రసంగం నాకు గుర్తుకు రాలేదు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధన మీకు తెలుసు. పన్నెండు దాటాక ఒక్కో కుటుంబాన్నీ పిలిచి వాగ్దాన కార్డు ఇస్తాం. ఆ సంవత్సరం నుంచి కార్డు మీద కుటుంబం పేరు అచ్చువేయించాం. పేర్లు ఇచ్చింది రిజిస్టరును బట్టి. అందరూ తీసుకున్నారు. చివర తాత, అవ్వ లేచి వచ్చి నిలబడ్డారు. అవ్వ కొంగు సర్దుకుని రెండు చేతులూ చాపింది. బల్ల మీద కార్డు లేదు. నేను అటూ ఇటూ వెతికినట్టు చేసి, "తర్వాత ఇస్తాలే అవ్వా" అన్నాను. ఆమె సరే అని తల ఊపి వెళ్లి కూర్చుంది. ఆ 'తర్వాత' రానేలేదు. నేను మరచిపోయాను.

మన ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు జనం సంక్రాంతి దాటగానే గుంటూరు మిరపకాయ కోతలకు వలస పోతారు. తాత, అవ్వ కూడా ఏటా పోతారు. పోయేముందు ఇద్దరూ మా ఇంటికి వచ్చి తల వంచి ప్రార్థన చేయించుకునేవాళ్లు. ఈసారి రాలేదు. వాళ్లు రాలేదన్న సంగతి కూడా నేను గమనించలేదు.

మట్టల ఆదివారానికి ముందు వారంలో, అక్కడి నుంచి తిరిగి వచ్చిన ఒక తమ్ముడు చెప్పాడు. ఫిబ్రవరిలో అవ్వ జ్వరంతో చనిపోయిందట. మిరప చేల పక్కన వేసుకున్న గుడిసెలోనే. ఆ ఊళ్లో క్రైస్తవుల సమాధుల తోట ఉంటే అక్కడ చోటు అడిగారట. "మీది ఏ సంఘం? మీ పాస్టరు గారి ఉత్తరం ఏమైనా ఉందా?" అని అడిగారట. అది అడగవలసిన మాటే, నేనైనా అడుగుతాను. పక్కనున్నవాళ్లు "మీ అయ్యగారికి ఫోన్ చేద్దాం తాతా" అన్నారట. తాత వద్దన్నాడట. "మా పేర్లు తీసేసినారంట. ఆయప్పను ఇబ్బంది పెట్టేది ఎందుకు" అన్నాడట.

అవ్వను కాలువ గట్టు పక్కన పెట్టారు. ఈ ఊళ్లో ఎవరు చనిపోయినా వెళ్లి మట్టి తీసిన మనిషి భార్యకు, ఆమె పాస్టరు ఒక్క వాక్యం చదవలేదు.

ఆ మాట విన్నాక నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. ఆ రాత్రి నాకు ఆ 1998 నాటి రెండు చీమలే కళ్లముందు మెదిలాయి. అవి అడవిలో కనబడకుండా పోలేదు. చేతికి వచ్చాక పోయాయి. చేతికి వచ్చినదాన్ని పోగొట్టుకోవడానికి పెద్ద పాపమేమీ అక్కర్లేదు, కొంచెం అజాగ్రత్త చాలు. ఐదేళ్ల తర్వాత ఇంకొకరికి అదే రకం చీమ మళ్లీ దొరికింది. దొరికింది గానీ అది వేరే చీమ, ఆ రెండూ కాదు. చాపిన చేతుల్లో కార్డు పెట్టడానికి అవ్వ నాకు మళ్లీ దొరకదు.

మర్నాడు పొద్దున్నే బయలుదేరాను. గుంతకల్లులో రైలు మారి, నంద్యాల, మార్కాపురం, నరసరావుపేట మీదుగా గుంటూరు చేరేసరికి రాత్రయింది. ఆ తెల్లవారి బస్సు, ఆటో పట్టుకుని ఆ ఊరు వెళ్లాను. తాత కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నాడు. ఆ ఘాటుకు నాకు దగ్గు ఆగలేదు. ఆయన నన్ను చూసి తుండుగుడ్డ విదిలించి కూర్చోమన్నాడు, నీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఎందుకొచ్చావని అడగలేదు.

"తాతా, పేరు కొట్టేసింది నేనే. కమిటీ కాదు. పెన్ను నా చేతిలోనే ఉండింది" అన్నాను.

"తెలుసయ్యా" అన్నాడు.

"నన్ను క్షమించు."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆమె దగ్గరికి పోదాం రా" అన్నాడు.

కాలువ గట్టు మీద నడిచాం. అక్కడ శిలువ లేదు, రాయి లేదు. ఒక తుమ్మచెట్టు నుంచి అడుగులు లెక్కపెట్టుకుని ఒకచోట ఆగాడు. "ఇది నల్లమట్టి అయ్యా. మన మట్టి మాదిరి కాదు. ఎండినంక గడ్డపార దిగదు. ఇద్దరు పిలగాళ్లు వచ్చినారు గానీ, నేనే తవ్వుకున్నా" అన్నాడు. నేను బైబిలు తెరిచాను. ఆయన నాకంటే ముందే మోకరించి ఉన్నాడు. నేను సమాధి ఆరాధన మొత్తం చదివాను, ఒక్క మాట తగ్గించకుండా. అవ్వ పేరు గట్టిగా పలికాను. చదవడం అయిపోయాక ఆయన అరచేతితో ఆ మట్టిని సర్దాడు. ఎన్నో సమాధుల దగ్గర ఆయన ఆ పని చేయడం చూశాను. ఆ రోజు వరకు నేను ఆ చేతిని చూడలేదు.

"సీమలు ఉన్యాయా ఈడ?" అని అడిగాను. ఏదో ఒకటి అడగాలనిపించి అడిగాను.

"ఉంటాయి. యాడైనా ఉంటాయి" అన్నాడు.

ప్రియులారా, లూకా పదిహేనో అధ్యాయంలో పది వెండి నాణేలున్న స్త్రీ కథ మనకు కంఠతా వచ్చు. ఒకటి పోతే ఆమె ఏం చేసిందో గమనించండి. దీపం వెలిగించింది, ఇల్లు ఊడ్చింది, దొరికేదాకా వెతికింది. నాణెం దానంతట అది లేచి రాదు. గొర్రె అయితే అరుస్తుంది, తప్పిపోయిన కుమారుడైతే తండ్రి ఇల్లు గుర్తొచ్చి లేచి వస్తాడు. నాణెం మాత్రం పడినచోటే ఉంటుంది, ఏమీ అడగదు. మన సంఘాల్లో ఇలాంటివారు ఉన్నారు. వాళ్లు కోపగించుకుని వెళ్లరు, ఫిర్యాదు చేయరు, వాట్సాప్‌లో ఏమీ పెట్టరు. వాళ్లు పోయారని కూడా మనకు తెలియదు. దేవుని దృష్టిలో వాళ్లు ఉన్న చోటే ఉన్నారు. పోగొట్టుకున్నది మనం.

దేవుడు దాచబడినవాళ్లను ఎరుగును అని ప్రసంగించడం తేలిక. అది నిజమే. కానీ ఆ నిజాన్ని నేను ఒక సాకుగా వాడుకున్నాను. దేవుడు ఎలాగూ ఎరుగును కాబట్టి నేను ఎరగకపోయినా పరవాలేదన్నట్టు బతికాను. మంచి కాపరి తన గొర్రెలను పేరు పెట్టి పిలుస్తాడని యోహాను సువార్త పదో అధ్యాయంలో ఉంది. పిలవాలంటే ముందు పేరు కొట్టేయకుండా ఉండాలి.

తర్వాత ఏం జరిగిందో చెప్పి ముగిస్తాను. కోతలు అయ్యాక తాత ఊరికి వచ్చాడు. ఆ ఆదివారం ఆరాధనలో, ఇప్పుడు మీకు రాసినదే నేను సంఘం ముందు నిలబడి చెప్పాను. కమిటీలోని మిగతా నలుగురు కూడా లేచి నిలబడ్డారు. రిజిస్టరులో తాత పేరు, అవ్వ పేరు మళ్లీ రాశాం. అవ్వ పేరు పక్కన ఆమె నిద్రించిన తేదీ, పెట్టిన చోటు రాశాం. ఆ పాత తీర్మానాన్ని కొట్టేశాం. ఇకమీదట చందా పుస్తకం వేరు, సభ్యుల పుస్తకం వేరు. తేడా వచ్చిన డబ్బు ఎలా కట్టాలో ఇంకా తెలియదు. ఆ బరువు ముందు నాది. వలస పోయే ప్రతి కుటుంబానికీ సంఘం ముద్రతో ఒక ఉత్తరం ఇచ్చి పంపాలని కూడా నిర్ణయించాం. వచ్చే జనవరిలో మీ ఊళ్లలో మా వాళ్లు ఎవరైనా ఆ ఉత్తరం చూపిస్తే వాళ్లను మీ వాళ్లుగా చేర్చుకోండి. ఉత్తరం లేకపోయినా చేర్చుకోండి.

ఇదంతా చేశాక తప్పు సరిపోయిందని నేను అనుకోవడం లేదు. తాత క్షమించాడా అని మీరు అడగవచ్చు. ఆయన నాతో ఆ మాట అనలేదు, నేను మళ్లీ అడగలేదు. ఆయన ఇప్పటికీ చివర గోడకు ఆనుకునే కూర్చుంటాడు. ముందుకు రమ్మంటే "ఈడ బాగుందిలేయ్యా" అంటాడు. ఆరాధన అవగానే నేను నేరుగా చివరికే వెళ్తున్నాను. పోయిన వారం ఇంకో గుంత తవ్వవలసి వచ్చింది. నేను కూడా పార తీసుకుని దిగాను. నాకు చేతకాలేదు, అరగంటకే చేతులు బొబ్బలెక్కాయి. చీమలు కనిపించలేదు. "ఇంకా లోతు పోవాల" అన్నాడు తాత.

మీకు నాదొక మనవి. మీ సంఘంలో, మీ వీధిలో, మీ బంధువుల్లో ఈ ఆరు నెలల్లో మీరు చూడనివాళ్లు ఎవరో ఈ రాత్రి కూర్చుని ఒక కాగితం మీద రాయండి. ఒక్క పేరు చాలు. రేపు ఫోన్ చేయండి. ఫోన్ కలవకపోతే వెళ్లండి. 'తర్వాత' అనకండి.

ప్రార్థన చేసుకుందాం. ప్రభువా, మట్టి లోపల కళ్లులేని చిన్న ప్రాణిని కూడా ఎరిగిన దేవా, నా చేతికి నీవు అప్పగించిన పేర్లను నేను అజాగ్రత్తగా పట్టుకున్నాను. నన్ను క్షమించు. దూరదేశంలో, పరాయి పొలాల్లో ఉన్న నీ బిడ్డలకు తోడుగా ఉండు. వెతకడానికి వంగే నడుమును మాకు ఇవ్వు. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ సహోదరుడు, మీ పాస్టరు